బోసి చేతుల గొలుసు

ఏడుగురిలో ఆరుగురి పేర్లు కోచ్ పైడితల్లి నాలుక చివరే ఉన్నాయి. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తుంది. చిక్కంతా ఏడో పేరుతోనే. కుడి మూలన నూకరత్నం నిలబడుతుంది, అందులో ఎవరికీ పేచీ లేదు. ఆ నూకరత్నం చెయ్యి పట్టుకుని పక్కన నిలబడేది తవిటమ్మా, ఇందుమతా? ఫైనల్ రేపు సాయంత్రం. రేపు మధ్యాహ్నంలోగా మొదటి ఏడుగురి పేర్లూ రిఫరీకి ఇచ్చెయ్యాలి.

చెడుగుడు ఆడనివాళ్ళకి ఇదీ ఒక సమస్యేనా అనిపిస్తుంది. కూతకి వెళ్ళిన పిల్ల ఫోటో పేపర్లో వేస్తారు. ఆమెని పట్టిన పిల్ల పేరు కింద ఎక్కడో వేస్తారు. పట్టిన పిల్ల చెయ్యి పట్టుకుని గొలుసు కట్టిన పిల్ల పేరు ఎవరికీ అక్కర్లేదు. కోర్టు పక్కన నిలబడి చూస్తే సంగతి వేరు. మూలనున్న పిల్ల మడమ మీదకి దూకిన క్షణంలోనే పక్కపిల్లా దూకాలి. ముందు దూకితే కూతకొచ్చినది తప్పుకుంటుంది, వెనక దూకితే ఇద్దర్నీ ఈడ్చుకుంటూ పోయి గీత తాకేస్తుంది. ఆ క్షణం కుదరాలంటే మొగుడూ పెళ్ళాలకి కుదిరినంత కాలం పడుతుందని పైడితల్లి నవ్వుతూ అంటుండేది. ఈమధ్య అలా అనడం మానేసింది.

గాజులొచ్చాక అంత కాలం ఆగే పని లేకుండా పోయింది మరి.

అసలు వాటి పేరు గాజులు కాదు. మణికట్టుకి అతుక్కునే మెత్తటి రబ్బరు పట్టీలవి. రెండు పట్టీలు కలిస్తే ఒక జోడు. ఒకరి చేతి నరాల్లో కదలాలన్న ఆజ్ఞ పుట్టగానే, ఆ చెయ్యి కదిలేలోపే రెండోవారి చేతికి అది చేరిపోతుంది. నూకరత్నం ఎడమచెయ్యి దూకాలనుకుంటే తవిటమ్మ కుడిచెయ్యి అప్పటికే దూకి ఉంటుంది. కళ్ళతో చూసి, అర్థం చేసుకుని, అప్పుడు కదలడమనే బాధే లేదు. తూర్పుతీర క్రీడాసంఘం ఆడపిల్లలు గాజులు తొడిగిన రెండు సీజన్లలో కుడి మూల నుంచి తప్పించుకుపోయిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వాటిని కనిపెట్టింది పైడితల్లి మొగుడు సుదర్శనం. ఆటల కోసం కాదు, అన్నం కోసం. ఆరేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నిష్ఠగల ఇంట్లో పుట్టి, ఎంత చదివినా ఎడమచేత్తో అన్నం ముట్టడం చేతకాని మనిషి. స్పూను ఇస్తే పక్కన పెట్టేవాడు. భార్య తినిపించబోతే మొహం తిప్పుకునేవాడు. నరాల మీద పరిశోధన చేసినవాడు కాబట్టి, తన చేతికి తన మెదడు నుంచి రాని ఆజ్ఞని పెళ్ళాం చేతి నుంచి తెప్పించుకున్నాడు. మొట్టమొదటి జోడులో ఒక పట్టీ ఆయన కుడి మణికట్టుకి, రెండోది పైడితల్లి ఎడమ మణికట్టుకి.

తరవాత ఆ పట్టీల కోసం పక్షవాతం రోగులు వరస కట్టారు. క్రీడాసంఘం ఆవరణలోనే, ఆటల హాలు పక్కన, ఆయనకో ప్రయోగశాల వెలిసింది. ఊళ్ళోవాళ్ళు దాన్ని చేతుల ఆస్పత్రి అంటారు. ఒక గంట సేపు కొడుకు చెయ్యి ఆడిస్తుంటే తండ్రి పడిపోయిన చెయ్యి ఆడేది. గంటవగానే పట్టీలు విప్పి డబ్బాలో పెట్టేసేవారు. సంఘం కార్యదర్శి జగన్నాథరాజు గారు అది చూసి, ఇదే పని మన ఆడపిల్లల గొలుసులో చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. అక్కణ్ణించి మొదలైంది.

పట్టీలు మొదటిసారి చూసి పిల్లలు భయపడ్డారు. కరెంటు కొడుతుందేమోనని నూకరత్నం చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు పైడితల్లి తన ఎడమచెయ్యి చూపించి అంది. "ఏటమ్మా, నాను ఏసుకోనేదా? గాజే అనుకోండి."

ఆ మాట పిల్లలకి ఎంత నచ్చిందో ఆవిడకి అప్పుడు తెలియలేదు. ఆటలో గాజులు వేసుకోనివ్వరు. ఆట కోసం గాజులు తీసిన ప్రతిసారీ ఇళ్ళలో తల్లులు సణుగుతారు, చెయ్యి బోసిగా ఉంచుకోకూడదని. ఇప్పుడు ఆటలో కూడా ఉండే గాజు దొరికింది.

*

ఫైనల్ ముందురోజు పొద్దున్న సాధన అయ్యాక పిల్లలంతా చోడి అంబలి తాగుతున్నారు. గ్లాసు కింద పడ్డ చప్పుడైంది. తవిటమ్మ గ్లాసు. తవిటమ్మ కిందపడ్డ అంబలి వంక చూడకుండా తన కుడిచేతి వంక చూస్తోంది. తరవాత ఎడమచేత్తో ఆ చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది, పక్కింటివాళ్ళ బిడ్డని ఎత్తుకున్నట్టు.

తవిటమ్మ మోకాలు బాగులేదని కిందటి వారమే ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె పట్టీ విప్పి కొత్తగా వచ్చిన ఇందుమతికి కట్టారు. ఇందుమతిది మెరుపు ఒళ్ళు, పేరు పెట్టడానికి లేదు. గొలుసుకి అలవాటు పడితే చాలు.

ఎన్నాళ్ళ నుంచి ఇలా అని పైడితల్లి అడిగితే, గాజు తీసిన మర్నాటి నుంచీ అని తవిటమ్మ చెప్పింది. ఎవరికీ చెప్పలేదట. ఎడమచేత్తో స్పూను పట్టుకుని, హాస్టల్లో అందరూ తిన్నాక తింటోందట. పైడితల్లి ఆమెనీ నూకరత్నాన్నీ వెంటబెట్టుకుని నడిచింది.

చేతుల ఆస్పత్రిలో సుదర్శనం తవిటమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పిడికిలి బిగించమన్నాడు. ఆమె మొహం ఎర్రబడేదాకా ప్రయత్నించింది. వేళ్ళు కదల్లేదు. ఇందుమతి దగ్గర్నుంచి పట్టీ తెప్పించి ఆమెకి కట్టి, నూకరత్నాన్ని తెర వెనక్కి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. ఇవతల తవిటమ్మ కుడిచెయ్యి మెల్లగా లేచి, గట్టిగా పిడికిలి బిగించింది. తవిటమ్మ ఏడవడం మొదలుపెట్టింది. ఆ పిడికిలి విప్పుకుని కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆమెకి చేతకాలేదు. తెర వెనకున్న నూకరత్నానికి ఆమె ఏడుస్తోందని తెలియదు కదా.

ఆస్పత్రి రోగుల్లో ఇలా ఎవరికీ కాలేదు. సుదర్శనం అందుకే అడిగాడు, ఆట అవగానే పట్టీలు తీసి డబ్బాలో పెట్టేవారు కాదా అని. నూకరత్నం, తవిటమ్మ మొహమొహాలు చూసుకున్నారు.

"ఒకపాలి రొండు సేతులూ బోసిగా ఎలాగుంచుకుంతాం సార్?" అంది నూకరత్నం. "మా అమ్మ సంపీదు? తానానికి తీసినా దారం ముక్కేనా కట్టుకుని తీస్తాం. ఇది ఉంది కదా అనీసి అలాగే ఉంచీసినాం."

ఇద్దరిదీ హాస్టల్లో ఒకే గది. రెండు సీజన్లు, రాత్రీ పగలూ, నిద్రలో కూడా. నూకరత్నం జడేసుకుంటుంటే గదిలో అవతల తవిటమ్మ కుడిచెయ్యి గాలిలో ఏదో అల్లుతుండేదని, అది చూసి అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళమని ఇప్పుడు చెప్పారు. అవతలి నుంచి ఆజ్ఞ ఎప్పుడూ వస్తూనే ఉంటే తవిటమ్మ మెదడు మాత్రం ఆ చేతికి ఎందుకు చెబుతుంది? పని అప్పగించేసి ఊరుకుంది.

గాజే అనుకోండి అన్నది ఎవరు? పైడితల్లి గోడకి ఆనుకుని నిలబడింది. పిల్లలు ఎప్పుడూ ఆవిడ మాట జవదాటలేదు. గాజనే అనుకున్నారు.

సుదర్శనం పిల్లల్ని బయటికి పంపించి తలుపు వేశాడు. తవిటమ్మ చెయ్యి పోలేదన్నాడు. నూకరత్నం చేతి నుంచి దాన్ని నెమ్మదిగా విడదియ్యాలి, పట్టీ బలం రోజుకి కాస్త తగ్గిస్తూ, ఏడాదో అంతకంటే ఎక్కువో. అప్పటిదాకా నూకరత్నం ఇంకెవరితోనూ జోడు కట్టకూడదు.

"రేపు ఇందుమతికి కట్టి ఆడిస్తే?" అంది పైడితల్లి.

"సాధనలో నెలలు పట్టేది ఫైనల్లో ఒక్కపూటకే అయిపోతుంది. ఆ భయం, ఆ ఊపు అలాంటివి. నూకరత్నం నుంచి దారి ఇందుమతికి మళ్ళిపోతుంది. ఇంక తవిటమ్మని విడదియ్యడానికి ఏమీ మిగలదు."

"పోనీ తవిటమ్మకే కట్టి ఆడిస్తే?"

"ముడి ఇంకా బిగుస్తుంది. బతికినన్నాళ్ళూ నూకరత్నం ఎక్కడుంటే ఆ పిల్లా అక్కడే ఉండాలి. ఎప్పుడూ తియ్యకుండా ఉంచుకుంటే..." అంటూ సుదర్శనం ఎందుకో మధ్యలో ఆగి, బల్ల మీది పట్టీని అటూ ఇటూ తిప్పాడు. తిప్పింది ఎడమచేత్తో. భార్య వైపు చూడలేదు.

ఇద్దరికీ కట్టకుండా ఆడించొచ్చు. ఆ సంగతి ఆయన అనలేదు, ఆవిడా అనలేదు. రేపటి ఆట చూడ్డానికి పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారు. గాజుల జట్టు గెలిస్తే దేశంలో జట్లన్నీ గాజులు తొడుగుతాయి. చేతుల ఆస్పత్రి పెద్దదవుతుంది. గాజులు లేకుండా ఆడి ఓడిపోతే ఆస్పత్రి ఎందుకని జగన్నాథరాజు గారు ముందే అడిగి ఉన్నారు. ఆయన మధ్యాహ్నం మళ్ళీ వచ్చి, కాఫీ తాగి, ఇందుమతి పేరు తప్ప ఇంకో పేరు వినదలుచుకోలేదని నవ్వుతూనే చెప్పి వెళ్ళారు. ఆయన కోప్పడి ఉంటే పైడితల్లికి కాస్త తేలికగా ఉండేది.

*

సాయంత్రం పిల్లల్ని హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి ఆవిడ చెప్పేసింది. రేపు ఎవరికీ గాజులుండవు. నూకరత్నం పక్కన తవిటమ్మే నిలబడుతుంది.

ఇందుమతి తల వంచుకుంది. పాపం ఆ పిల్ల తప్పేం ఉంది. తవిటమ్మ మాత్రం ఆశ్చర్యంగా చూసి, చచ్చుపడ్డ చేత్తో తానేం పట్టుకోగలనని గొణిగింది. నీ చెయ్యి నూకరత్నం పట్టుకుంటుంది, మోకాలు నయమైంది కదా, నువ్వు కాళ్ళతో వెళ్ళు చాలు అంది పైడితల్లి. గాజు లేకుండా నూకరత్నంతో గొలుసు కట్టిన అలవాటు తవిటమ్మకే ఉందని, ఇందుమతికి గాజు కట్టి ఎందుకు దింపకూడదో కూడా దాచకుండా చెప్పింది. నీ వల్ల తవిటమ్మ చెయ్యి పోకూడదు తల్లీ, ముందుముందు నీదీ పోకూడదు అంది.

మిగతా జోళ్ళ పిల్లలు తమ మణికట్లు తడుముకుంటున్నారు. తీసేస్తే మా చేతులూ పడిపోతాయా అని ఒకరు అడిగారు. రెండ్రోజులు బరువుగా ఉంటాయి, తిరిగొస్తాయి అని సుదర్శనం మధ్యాహ్నమే చూసి చెప్పాడంది పైడితల్లి. వీళ్ళు జోడు కట్టి ఈ సీజనే అయింది. అయినా ఎవరూ తియ్యలేదు. పట్టీ అంచు కింద వేలు పెట్టడం, మళ్ళీ తీసెయ్యడం.

నూకరత్నం లేచి నిలబడింది. ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల.

"మాం తీసెత్తాం మేడమ్. మీదీ తీసెయ్యండి మరి."

హాలంతా ఒక్కసారి పైడితల్లి ఎడమచేతి వంక చూసింది. ఆ చేతికి ఆరేళ్ళుగా ఉన్న పట్టీ రంగు వెలిసిపోయి చర్మంలో కలిసిపోయింది. తనది వేరు, అవతల మొగుడి చెయ్యుంది అని చెప్పబోయింది. తవిటమ్మ వింటోంది.

రేపు పొద్దున్న చెబుతానని ఇంటికొచ్చింది. ఇల్లంటే ఆవరణలోనే, హాలుకీ ఆస్పత్రికీ మధ్యన. పట్టీలు కూతవేటు దూరం దాటితే పని చెయ్యవు. అందుకని ఈ ఆరేళ్ళలో ఆవిడ ఆ గేటు దాటి ఒక్క రాత్రి ఎక్కడా ఉండలేదు. బయట ఊళ్ళలో ఆటలకి సహాయ కోచ్ వెళ్తాడు. తమ్ముడి గృహప్రవేశానికి వెళ్ళలేదు. అరసవల్లి మొక్కు మొక్కుగానే ఉండిపోయింది. సముద్రం ఎదురుగా కనిపిస్తుంది గానీ నీళ్ళలో కాళ్ళు పెట్టి ఎన్నాళ్ళయిందో. సాయంత్రం ఆయన అన్నం తినే వేళకి ఇంట్లో ఉండాలి, అంతే.

*

భోజనం వేళ ఆ ఇంట్లో రెండు కంచాలు పెడతారు. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా. నిండు కంచం ముందు సుదర్శనం కూర్చుంటాడు. ఖాళీ కంచం ముందు పైడితల్లి కూర్చుని ఎడమచేత్తో లేని అన్నాన్ని కలుపుతుంది, లేని ముద్దని నోటి దాకా ఎత్తుతుంది. ఎదుట ఆయన కుడిచెయ్యి ఉన్న అన్నాన్ని కలిపి, ఉన్న ముద్దని ఆయన నోట్లో పెడుతుంది. ఆయన తిన్నాక ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తింటుంది. చూసినవాళ్ళు ఇలాంటి ఇల్లాలు ఈ కాలంలో ఉంటుందా అని మురిసిపోయేవారు. ఆవిడ కూడా కొన్నేళ్ళు మురిసింది.

ఆ సాయంత్రం వంకాయ కూర. రెండు ముద్దలయ్యాక ఆవిడ చెయ్యి ఆపింది. ఎదుట ఆయన చెయ్యి గాలిలో ఆగింది.

పిల్లలు ఏమడిగారో చెప్పింది. ఆయన వింటూ కంచం వంకే చూస్తున్నాడు. నాది ఒకటి ఉంచుకుంటే పిల్లలేమనుకున్నా పరవాలేదులే, ఎలాగో నచ్చజెబుతానంది. మీ చెయ్యి పోగొట్టుకుని నాకు కప్పులెందుకు అంది. నిజంగానే అంది. నా చేతికేం, ఎప్పుడు తీసినా నాది నాదేగా అని కూడా అంది.

సుదర్శనం తలెత్తాడు.

"నీది కాదు పైడీ. నాలుగేళ్ళ నుంచీ నీది కాదు."

ఆవిడకి అర్థం కాలేదు.

"మొదట్లో నువ్వు ఆడిస్తే నాది ఆడేది. తరవాత్తరవాత నా మెదడు కూడా పట్టీ దారినే మాట్లాడ్డం నేర్చుకుంది. ఇప్పుడు ముద్ద కలపాలని నేను అనుకుంటాను. అది నీ చేతికి వెళ్ళి, తిరిగి నాకొస్తుంది. నువ్వే కలుపుతున్నాననుకుంటున్నావు. పరీక్షల్లో కనిపిస్తూనే ఉంది. నీకు చెబితే తీసేస్తావని చెప్పలేదు."

"తీసేస్తే?"

"తవిటమ్మకి అయినట్టే. తిరిగి రావచ్చు, తెలియదు. నాది మాత్రం మళ్ళీ రాదు."

పైడితల్లి తన ఎడమచేతిని చూసుకుంది. ఆ చేత్తో కప్పులెత్తింది, పిల్లల వీపులు తట్టింది. నిన్న పొద్దున్న ఎందుకో ఊరికే టేబులు మీద తాళం వేసింది కూడా. ఆ తాళం ఎవరిది? ఆయన లోపల ఏదైనా పాట పాడుకుంటున్నాడేమో. ఆవిడకి కోపం వచ్చింది. పెద్ద కోపం, అరిచేంత కోపం. అరవడానికి నోరు తెరిస్తే ముందు ఏడుపొచ్చింది. ఆరేళ్ళు గేటు దాటకుండా కాపలా కాసింది ఎవరి చేతికి? ఇంట్లో దొంగని పెట్టుకుని వీధి తలుపుకి గొళ్ళెం వేసుకున్నట్టుంది.

"ఎడంచేత్తో తినడానికి సిగ్గేసిందా మీకు," అంది. "నా సెయ్యి తీసుకోడానికి సిగ్గెయ్యనేదా?"

నెమ్మదిగా తీద్దాం, ఏడాదిలో కాస్త కాస్త అన్నాడు ఆయన. అలాగైతే తన చేతికి ఒక ఏడాది మిగులుతుందని అనలేదు గానీ ఇద్దరికీ వినిపించింది. అక్కడ పిల్లలు మణికట్లు పట్టుకుని కూర్చున్నారని ఆవిడ అంది. నేను తియ్యకుండా వాళ్ళని తియ్యమని ఏ మొహం పెట్టుకుని చెప్పనంది.

పూజగదిలోకి వెళ్ళి దారం ముక్క తెచ్చి పసుపు రాసింది. వాళ్ళమ్మ గాజులు మార్చుకునేటప్పుడు చెయ్యి బోసిపోకుండా ముందు అదే కట్టుకునేది. దారం చివర ఒకటి కుడిచేత్తో పట్టుకుని, రెండోది పట్టుకోమన్నట్టు మొగుడి ముందు పెట్టింది. ఆయన కాసేపు చూసి ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఆవిడ కుడిచెయ్యి, ఆయన ఎడమచెయ్యి కలిసి ఒక ముడి వేశాయి. రెండుసార్లు జారిపోయింది. దారం కట్టాక పట్టీ విప్పింది.

చెయ్యి ఒళ్ళో పడింది. నొప్పేం లేదు. ఎదుట ఆయన చెయ్యి కంచంలో, కలిపిన అన్నం మీద పడి ఉంది.

ఒక దారం ముక్క. మొదటిరోజే పిల్లలకి తలా ఓ దారం ముక్క కట్టి ఉంటే ఆట అవగానే పట్టీలు తీసేవాళ్ళు కదా అనిపించింది. ఆ మాట తలుచుకుని ఆవిడ ఆ రాత్రి కూడా, తరవాత చాలా రాత్రులు కూడా బాధపడింది.

అప్పటికి మాత్రం లేచి ఇంకో కంచంలో తనకి వడ్డించుకుంది. ఆయన ఎదురుగానే కూర్చుని కుడిచేత్తో తినడం మొదలుపెట్టింది. సుదర్శనం కాసేపు కూర్చుని, తల వంచుకునే, ఎడమచేత్తో ముద్ద కలిపాడు.

*

పొద్దున్న పైడితల్లి పసుపు దారాల ఉండతో వచ్చింది. ఎడమచెయ్యి ట్రాక్‌సూట్ జేబులో దోపుకుంది. మణికట్టు దగ్గర దారం మాత్రం కనిపిస్తోంది. నూకరత్నం ఆ దారాన్ని చూసి తన చెయ్యి చాపింది. పిల్లలు ఒకరికొకరు దారాలు కట్టుకుని పట్టీలు విప్పారు. తన చెయ్యి సంగతి ఆవిడ చెప్పలేదు. ఆట ముందు చెబితే వాళ్ళ మనసు ఆట మీద ఉండదు.

పేర్లు విని జగన్నాథరాజు గారి మొహం మాడిపోయింది. బెంచీ ఎక్కినదాన్ని, ఒక చెయ్యి పనికిరానిదాన్ని ఫైనల్లో దింపడం ఎక్కడైనా ఉందా అని అడిగారు.

"మన ఆటలోనే ఉంది బాబూ," అంది పైడితల్లి. "ముందు ఔటయి ఎల్లినోళ్ళే ముందు లోపలికొస్తారు. ఎనకొచ్చినోళ్ళు ఎనకే."

ఆయన ఇంకేదో అనబోయి, పెద్దవాళ్ళు వస్తున్నారని అటు వెళ్ళిపోయారు. వెళ్తూ ఆస్పత్రి తాళాల గురించి ఒక మాట అన్నారు. అది ఆవిడకి వినిపించింది.

ఆట మొదటి సగం చూడలేకపోయింది. అవతలి జట్టు పిల్లలు కుడి మూలకి వచ్చి ఆడుకుని పోతున్నారు. నూకరత్నం తవిటమ్మ మణికట్టు పట్టుకుని దూకుతోంది, తవిటమ్మ అప్పటికి ఇంకా నిలబడే ఉంటోంది. ఎదురుచూస్తోంది. ఎప్పటిలా తన చేతికి ఏదో వస్తుందని ఆమె, తన చేతి నుంచి ఏదో వెళ్తుందని నూకరత్నం ఎదురుచూస్తున్నారు. రానిదాని కోసం చూస్తూ చూస్తూ పాయింట్లు పోగొట్టుకుంటున్నారు. గుంపులో సుదర్శనం కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పైడితల్లికి తేడా ఎక్కడుందో అప్పుడు తట్టింది. కోర్టులో చప్పుడు లేదు. రెండు సీజన్లుగా లేదు. గాజులు రాకముందు ఈ పిల్లలు మూల నుంచి మూలకి గొంతు చించుకుని అరుచుకునేవారు. గాజులొచ్చాక అరిచే అవసరం పోయింది. మాట్లాడుకోవడమే మరిచిపోయారు.

విరామంలో ఆవిడ చెప్పింది ఒక్కటే, నోరు తెరవండే అని.

రెండో సగంలో అవతలి జట్టు కెప్టెన్ కూతకి వచ్చింది. కుడి మూలకే వచ్చింది, అక్కడ పని తేలికని తెలుసు కదా. నూకరత్నం వంగింది. కెప్టెన్ కాలు ముందుకి పడగానే ఒక్క కేక పెట్టింది, "తవిటీ!" అని. హాలు పైకప్పు అదిరింది. తవిటమ్మ ఆ కేకకి దూకింది. చచ్చుపడ్డ చెయ్యి వెనక వేలాడుతుండగా భుజంతో వెళ్ళి నడుముకి తగిలింది. నూకరత్నం మడమ వదల్లేదు. ఇద్దరూ కలిసి ఆమెని నేల మీదకి లాగేశారు. గుంపు లేచి నిలబడింది. పైడితల్లి ఏడుస్తూ నవ్వింది.

ఆ తరవాత ఇంకొన్ని పట్టుకున్నారు. చాలలేదు. మొదటి సగంలో పోయినవి పోయినవే. ఓడిపోయారు. జగన్నాథరాజు గారు బహుమతులకి కూడా ఆగలేదు.

ఓడినా రెండో కప్పుంటుంది, దానికో ఫోటో ఉంటుంది. ఫోటోగ్రాఫరు జట్టుని వరసగా నిలబెట్టి, గొలుసులా చేతులు పట్టుకోండమ్మా, బావుంటుంది అన్నాడు. తవిటమ్మని చివర నిలబెట్టాడు. కోచ్ గారూ, మీరు ఈ పక్కన అని పైడితల్లిని ఆమె పక్కన నిలబెట్టాడు. తవిటమ్మ కుడిచేతి వైపు. పైడితల్లి ఎడమచేతి వైపు.

పైడితల్లి కుడిచేత్తో తన ఎడమచేతిని జేబులోంచి బయటికి తీసింది. అది తీసిన తీరు చూసి తవిటమ్మ మొహం మారిపోయింది.

"మీదీనా మేడమ్?"

"నాదీనే."

తవిటమ్మ తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఆవిడ అరచేతి మీద పెట్టింది. పట్టుకోవడం రాని రెండు చేతులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి, రెండు పసుపు దారాలు పక్కపక్కన. జారిపోకుండా ఇద్దరూ భుజాలు దగ్గరగా చేర్చారు. ఫోటోగ్రాఫరు కదలొద్దన్నాడు.

అప్పుడు ఒక వేలు కదిలింది. చిటికెన వేలో, దాని పక్కదో. కాస్తే కదిలి, అవతలి అరచేతిని గీరి ఆగిపోయింది.

ఇద్దరూ ఒకేసారి కిందకి చూశారు. ఫోటో పాడైంది.

"నీదేనే తవిటీ," అంది పైడితల్లి.

"కాదు మేడమ్, మీదే," అంది తవిటమ్మ.